ఎవరూ కట్టని గొలుసుకట్టు

మా ఆవిడ వేలిముద్రలు పడలేదు. మా యూరప్ ప్రయాణం అక్కడ మొదలైంది.

హైదరాబాద్‌లో వీసా దరఖాస్తు ఇచ్చే చోట, కౌంటర్‌లో అమ్మాయి నాలుగు వేళ్ళూ అద్దం మీద పెట్టమంటుంది. ఈవిడ పెడుతుంది. ఎర్ర లైటు. మళ్ళీ పెడుతుంది. మళ్ళీ ఎర్ర లైటే. ముప్పై ఐదేళ్ళు గిన్నెలు తోమి, చింతపండు పిసికి అరిగిపోయిన వేళ్ళు అవి. వెనకాల క్యూలో వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. నాకేమో టెన్షన్. చివరికి ఆ అమ్మాయే లేచి వచ్చి, తడి టిష్యూతో వేళ్ళు తుడిచి, ఈవిడ చేతి మీద తన చెయ్యి వేసి నొక్కితే పచ్చ లైటు వెలిగింది. "అమ్మయ్య, నేను మనిషినేనని ఒప్పుకుంది మిషను" అంది మా ఆవిడ బయటికొచ్చాక.

మిగతా కాగితాలన్నీ జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటున్న మా అమ్మాయి సర్ది పంపింది. మా ఖర్చు తనదేనని అక్కడి ఆఫీసులో రాసిచ్చిన పత్రం, 30 వేల యూరోలకు తగ్గకుండా ఇన్సూరెన్స్, నా పెన్షన్ పడే ఖాతా స్టేట్‌మెంట్లు, ఇల్లు మా పేరు మీదే ఉందని కాగితం. మేం తిరిగి వచ్చేస్తామని నమ్మించడానికే సగం ఫైలు. ఈ వయసులో అక్కడ ఉండిపోయి ఏం చేస్తామో నాకైతే అర్థం కాలేదు. ఒక్క విషయం మాత్రం నచ్చింది. జర్మనీ ఇచ్చిన వీసాతోనే స్లొవేనియాకూ క్రొయేషియాకూ వెళ్ళొచ్చు. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది, అదే రోజు యూరో కూడా తెచ్చుకుంది. అంతకు ముందు వెళ్ళినవాళ్ళకు సరిహద్దులో ఆగడం, డబ్బు మార్చుకోవడం ఉండేవట. మాకు ఆ బాధ లేదు.

నేను నీటిపారుదల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) రిటైరయ్యాను. 33 ఏళ్ళ సర్వీసులో ఎక్కువ కాలం ములుగు, వరంగల్ వైపు చెరువుల మీదే గడిచింది. అందుకే ఎక్కడికి వెళ్దాం నాన్నా అని అమ్మాయి అడిగినప్పుడు, ప్యారిస్ టవరు, రోము చర్చిలు తర్వాత చూద్దాం, ముందు నీళ్ళున్న చోటికి తీసుకెళ్ళమన్నాను. అల్లుడు మూడు నేషనల్ పార్కులు రాసిపెట్టాడు. జర్మనీలో బెర్ష్టెస్‌గాడెన్, స్లొవేనియాలో త్రిగ్లావ్, క్రొయేషియాలో ప్లిట్విట్సే.

మొదటిది మ్యూనిక్ నుంచి కారులో రెండు గంటలు. ఒక ఆదివారం పొద్దున్నే పులిహోర కలుపుకుని బయల్దేరాం. బెర్ష్టెస్‌గాడెన్ 1978లో పార్కు అయింది. జర్మనీకి ఆల్ప్స్ పర్వతాల్లో ఉన్న నేషనల్ పార్కు అదొక్కటే. దాని గుండెకాయ కోనిగ్‌జే అనే సరస్సు. రెండు వైపులా కొండలు గోడల్లా నిలబడి ఉంటే మధ్యలో సన్నగా, పొడుగ్గా, దాదాపు 190 మీటర్ల లోతున నీళ్ళు. ఒడ్డు వెంట రోడ్డు లేదు, వేయడానికి చోటే లేదు. పడవ ఎక్కాల్సిందే. ఆ పడవలు 1909 నుంచీ కరెంటువే నడుస్తున్నాయని అల్లుడు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. 1909 అంటే హైదరాబాద్‌లో మూసీ వరద వచ్చిన మరుసటి ఏడు. మన దగ్గర శవాలు తీసి, ఊరు మళ్ళీ కట్టుకుంటున్న రోజులు. ఇక్కడేమో పొగ, చప్పుడు లేని పడవలు. అప్పటి రాజవంశం వాళ్ళకు ఆ సరస్సు ఒడ్డున వేట బంగళా ఉండేది. వేట జంతువులు బెదరకూడదన్న ఆలోచనే నీళ్ళను కాపాడిందనుకుంటాను. మంచి పనులకు ఒక్కోసారి కారణాలు ఇలాగే ఉంటాయి.

సరస్సు మధ్యలో పడవ ఆపేశారు. పడవ మనిషి ఒక ఇత్తడి బూరా తీసి, తలుపు తెరిచి, ఎదురుగా ఉన్న కొండకు నాలుగు స్వరాలు ఊదాడు. ఆగాడు. కొండ ఆ నాలుగు స్వరాలూ తిరిగి ఊదింది. మనవడికి ఐదేళ్ళు, కొండలో ఇంకో తాత ఉన్నాడా అని అడిగాడు. తర్వాత ఆ మనిషి టోపీ పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చాడు. మన గుళ్ళో హారతి పళ్ళెం గుర్తొచ్చి నేను రెండు యూరోలు వేశాను.

ఆఖరి రేవు పేరు సాలెట్. అక్కడి నుంచి పావుగంట నడిస్తే ఓబర్‌జే అని ఇంకో చిన్న సరస్సు. మోకాళ్ళ నొప్పి వల్ల మా ఆవిడ, మనవడితో అమ్మాయి అక్కడే కూర్చుండిపోయారు. నేనూ అల్లుడూ ఒడ్డు వెంట బండల మీదుగా ఆ చివర ఉన్న పశువుల కొట్టం దాకా వెళ్ళాం. వేసవిలో ఆవులను పైకి తోలుకొచ్చి అక్కడే పాలు పితికి, వెన్న తీసి, వచ్చేపోయేవాళ్ళకు రొట్టె, మజ్జిగ అమ్ముతారు. గాజు గ్లాసులో చిక్కటి మజ్జిగ. ఉప్పు లేదు, కరివేపాకు లేదు. చల్లదనానికి పళ్ళు జివ్వుమన్నాయి. గ్లాసు బయట చెమట పట్టి బల్ల మీద గుండ్రంగా మరక పడింది, అందులో ఒక ఈగ వచ్చి వాలింది. మా చిన్నప్పుడు వడ్డేపల్లిలో పెద్దమ్మ ఇంట్లో తాగినట్టే ఉంది అన్నాను. దూరంగా కొండ మీద నుంచి తెల్ల దారంలా జారుతున్నది రోత్‌బాక్ జలపాతం. 470 మీటర్లు, జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైనదట. సెప్టెంబరు కదా, దారమే.

అక్కడే పొద్దు చూసుకోలేదు. తిరిగొచ్చేసరికి రేవులో క్యూ పాములా మెలికలు తిరిగి ఉంది. ఆఖరి పడవ ఎన్నింటికో బోర్డు మీద రాసి ఉంటుంది, దాటిపోతే ఆ రాత్రికి అడవే గతి. ఒక పడవ నిండి వెళ్ళిపోయింది. రెండోది కూడా. మా ఆవిడ ఏమీ అనలేదు, కానీ పులిహోర డబ్బాలో ఇంకా ఎంత మిగిలిందో మూత తీసి చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. మూడో పడవలో ఎక్కాం. దాని వెనక ఇంకొకటి ఉందని తర్వాత తెలిసింది, కానీ భయం భయమే. వెళ్ళేవాళ్ళకు నా మాట ఒకటే. రేవులో దిగగానే ఆఖరి పడవ సమయాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి, దానికి గంటన్నర ముందే వెనక్కి తిరగండి.

రెండు వారాల తర్వాత అల్లుడు నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఆస్ట్రియాకూ స్లొవేనియాకూ రోడ్డు పన్ను ముందే కట్టాలి. ఇప్పుడు స్టిక్కరు అంటించే పని లేకుండా ఫోన్‌లోనే కారు నంబరు మీద కొనేయొచ్చు. కొండల కింద సొరంగాలకు మాత్రం విడిగా టోలు. ఆస్ట్రియా నుంచి స్లొవేనియాలోకి వెళ్ళే సొరంగం దాదాపు 8 కిలోమీటర్లు. లోపల ఒక దేశం అయిపోయి ఇంకో దేశం మొదలవుతుంది. మా ఆవిడ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంది.

స్లొవేనియాకు ఉన్నది ఒక్కటే నేషనల్ పార్కు. పార్కుకూ, అందులో 2,864 మీటర్ల ఎత్తున్న కొండకూ పేరు ఒకటే, త్రిగ్లావ్. గ్లావ అంటే తల, త్రి అంటే వాళ్ళకూ మూడే. మూడు తలల కొండ. వాళ్ళ జెండా మీద ఉంది, వాళ్ళ 50 సెంట్ల నాణెం మీద కూడా ఉంది. ఇది నాకెలా తెలిసిందంటే, దారిలో టాయిలెట్‌కు 50 సెంట్లు వేయాల్సి వచ్చి, జేబులోంచి నాణేలు తీసి కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తుంటే అల్లుడు చూపించాడు. "మామయ్యా, ఇప్పుడు మనం వెళ్తున్నది ఈ కొండకే." ఆ నాణెం వేయబుద్ధి కాలేదు. అల్లుడే ఇంకోటి ఇచ్చాడు.

ఆ పార్కులో మేం చూసింది బోహిన్ సరస్సు ఒక్కటే. దానికి నీళ్ళు తెచ్చే సావిత్సా జలపాతం చూడాలంటే 500కు పైగా మెట్లు ఎక్కాలి. మా ఆవిడ కింద బెంచీ మీద కూర్చుని, "తిరుమలకైతే ఎక్కుతా, దీనికి ఎందుకు ఎక్కాలి" అంది. నిజమే, నా దగ్గర జవాబు లేదు. నేను ఎక్కాను. పైన ఒక బండలో బొక్క పడి అందులోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. వాగు వచ్చి దూకడం కాదు, కొండ లోపల నడిచిన నీళ్ళు కొండలోంచే బయటపడటం. మా భాషలో అయితే కట్టకు బుంగ పడింది అంటాం, రాత్రికి రాత్రి ఇసుక బస్తాలు పట్టుకుని పరిగెడతాం. ఇక్కడ బుంగకు టికెట్ పెట్టారు. ఎత్తు 78 మీటర్లు అని చెబుతారు. ఈ అంకె గుర్తుంచుకున్నాను, ఎందుకో తర్వాత చెబుతాను.

ప్లిట్విట్సే పక్క పల్లెలో ఒక ఇంట్లో గది తీసుకున్నాం. ఇంటామెకు నా వయసు ఉంటుంది. ఇంగ్లీషు నాలుగు ముక్కలు. మేం బ్యాగులు దించేలోపే చిన్న చిన్న గ్లాసుల్లో రేగుపండ్లలాంటి పండ్లతో కాచిన సారా తెచ్చి పెట్టింది. వాళ్ళ మర్యాద అది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను అల్లుడి వైపు చూశాను. అల్లుడు కిటికీలోంచి అడవి వైపు చూశాడు. ఆమె నొచ్చుకుంటుందేమోనని ఒక గుక్క తాగాను. అంతకు మించి ఇక్కడ రాయను.

ప్లిట్విట్సేకు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, ఏ గంటకు లోపలికి వస్తామో కూడా ముందే చెప్పాలి. మేం వెళ్ళినప్పుడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్దవాళ్ళకు 40 యూరోలు, చలికాలంలో 10 ఉండేది. ఏడేళ్ళ లోపు పిల్లలకు లేదు. నలుగురికి 160 అంటే మన డబ్బు పదహారు వేల దాకా. చెరువు చూడటానికి పదహారు వేలా అని నేను రాత్రంతా సణిగాను. లక్నవరం, రామప్ప, పాకాల, ఎన్ని చెరువులు కట్ట మీద నడుస్తూ ఊరికే చూసినవాణ్ణి. అమ్మాయి చివరికి, "నాన్నా, డబ్బులు కట్టేశాం, ఇక పడుకో" అంది.

పొద్దున తొమ్మిదికి మా గంట. గేటు దగ్గర కారు దిగబోతే అల్లుడి ఫోన్‌లో చార్జింగ్ రెండు శాతం. దారిపొడుగునా మనవడు బొమ్మల వీడియోలు చూసిన ఫలితం. టికెట్లు అందులోనే ఉన్నాయి. గేటు దాకా నడిచేలోపు ఆగిపోతే అంతే సంగతులు. కారు మళ్ళీ స్టార్ట్ చేసి, ఫోన్ గుచ్చి, ఐదుగురం లోపలే కూర్చున్నాం. తొమ్మిదీ పది, తొమ్మిదీ పదిహేను. ఎవరూ మాట్లాడలేదు. పన్నెండు శాతం రాగానే పరుగు. అప్పటి నుంచి టికెట్ ఏదైనా సరే కాగితం మీద ప్రింటు తీయించి జేబులో పెట్టుకుంటున్నాను. అల్లుడు నవ్వుతాడు, నవ్వనీ.

దారులకు అక్షరాలతో పేర్లు పెట్టారు. మేం ఎంచుకున్నది హెచ్. రెండో గేటు నుంచి బస్సు పైకి తీసుకెళ్ళి దించుతుంది, అక్కడి నుంచి నీళ్ళతోపాటే కిందికి నడుస్తాం. నాలుగు నుంచి ఆరు గంటలు అని రాశారు. మాకు ఏడు పట్టింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఈ దారే మంచిది, ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ. నేను దీన్ని ఎంచుకున్నది మాత్రం మోకాళ్ళ కోసం కాదు. ఏ వ్యవస్థనైనా పై చెరువు నుంచి కింది చెరువుకు నడుచుకుంటూ చూడాలని మా మొదటి ఈఈ గారు నేర్పారు. కింది నుంచి చూస్తే ఫిర్యాదులు కనిపిస్తాయి, పై నుంచి చూస్తే కారణాలు కనిపిస్తాయి అనేవారు ఆయన.

బస్సు దిగి నాలుగు అడుగులు వేశానో లేదో ఆగిపోయాను. ఎదురుగా ఉన్నవి గొలుసుకట్టు చెరువులు.

మన ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. కాకతీయుల కాలం నుంచీ మన నేల అలాగే నీళ్ళు దాచుకుంది. ఇక్కడ 16 చెరువులు. పైన పన్నెండు, కింద నాలుగు. అన్నిటికన్నా పైది సముద్ర మట్టానికి 636 మీటర్ల ఎత్తున, అన్నిటికన్నా కిందిది 503 మీటర్ల ఎత్తున. మొత్తం 133 మీటర్ల దిగుడు, ప్రతి మెట్టుకూ ఒక కట్ట, ప్రతి కట్ట పొడుగునా మత్తడి. తేడా ఒక్కటే. ఆ కట్టల్లో ఒక్కటి కూడా మనిషి కట్టలేదు.

నీళ్ళే కట్టుకున్నాయి. ఎలాగో చెప్పడానికి మన ఇళ్ళల్లోనే ఉదాహరణ ఉంది. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది చూశారా, గీజరు కాయిల్‌కు పట్టి దాన్ని తినేస్తుంది, అదే. అక్కడి కొండలు సున్నపురాయి. వాన నీళ్ళు మట్టిలో కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని, ఆ రాయిని కరిగించుకుంటూ ఊటలుగా బయటికొస్తాయి. అలా వచ్చిన నీళ్ళు ఎక్కడ బండ మీద పడి చెదురుతాయో అక్కడ ఆ వాయువు ఎగిరిపోతుంది, పట్టుకున్న సున్నం విడిపోతుంది. అది పోయి నాచు మీద, పాచి మీద, పడిపోయిన కొమ్మ మీద పూతలా పడుతుంది. కింది నాచు రాయి అవుతుంది, దాని పైన కొత్త నాచు మొలుస్తుంది, అదీ రాయి అవుతుంది. ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా కట్ట పెరుగుతుంది. కట్ట పెరిగితే నీళ్ళు పైకొస్తాయి. టెండరు లేదు, ఎస్టిమేటు లేదు, కొలతల పుస్తకం లేదు.

ఒక చోట చెక్క బాట పక్కనే నీళ్ళు జానెడు లోతున ఉంటే కూర్చుని చూశాను. అడుగున వేలెడంత కొమ్మ ఒకటి పడి ఉంది. ఒక చివర ఇంకా కర్రే, బెరడు కనిపిస్తోంది. రెండో చివర లేత పసుపు రంగులో గరుకుగా సున్నం కప్పేసింది, చీమిడి కారినట్టు చిన్న చిన్న బుడిపెలు. మధ్యలో సగం కర్ర, సగం రాయి. దాని పక్క నుంచి వేలంత చేప ఒకటి వచ్చి, ఆ బుడిపెల మీద మూతి పెట్టి, వెళ్ళిపోయింది. చెయ్యి పెట్టబోయాను. "నాన్నా!" అని అమ్మాయి అరిచింది. ముట్టుకోకూడదు. ఈత కూడా నిషేధం. మనుషుల ఒంటి మురికి, నూనె కలిస్తే నాచు చస్తుంది, నాచు చస్తే కట్ట పెరగదు. పడిపోయిన పెద్ద చెట్లను కూడా తీయడం లేదు, అలాగే నీళ్ళలో వదిలేశారు. అవి కట్టలు అవుతాయి కొన్నాళ్ళకు. పూడిక తీయడమే ఉద్యోగంగా బతికిన నాకు, చెరువులో పడ్డ చెట్టును చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. మూడు సార్లు మా ఆవిడతో "దీన్ని లాగేయాలి" అన్నాను.

చెక్క బాటల గురించి కూడా చెప్పాలి. దుంగల మీద బద్దలు పరిచి నీళ్ళ మీదుగా, కట్టల మీదుగా వేశారు. చాలా చోట్ల చేతి పట్టు లేదు. బద్దల సందుల్లోంచి కింద పారే నీళ్ళు కనబడతాయి. మా ఆవిడ నా చొక్కా వెనక అంచు పట్టుకుని నడిచింది, ఎదురుగా ఎవరైనా వస్తే ఇద్దరం ఆగిపోయి పక్కకు తిరిగేవాళ్ళం. చెప్పులు వేసుకుని వచ్చినవాళ్ళు జారుతూ కనిపించారు. మంచి పట్టున్న బూట్లు లేకపోతే వెళ్ళొద్దు.

పైవాటికీ కిందివాటికీ మధ్య కోజ్యాక్ అనేది అన్నిటికన్నా పెద్దది, 81 హెక్టార్లు. దాన్ని పడవలో దాటాలి, ఇక్కడ కూడా కరెంటు పడవే. ఆ సరస్సు అడుగున ఇంకో పాత కట్ట మునిగి ఉందట. ఒకప్పుడు అది రెండు చెరువులు. కింది కట్ట వేగంగా పెరిగి, నీళ్ళు వెనక్కి తన్ని, పై కట్టను ముంచేశాయి. పడవలో ఒక బోర్డు బొమ్మ చూపిస్తూ అల్లుడు ఇది చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. కింది చెరువు ఎత్తు పెంచితే పైన మునక వస్తుందని ఎన్ని నోట్ ఫైళ్ళు రాశానో. ఇక్కడ నీళ్ళు ఎవరి అనుమతీ లేకుండా ఆ పని చేసేశాయి. నష్టపరిహారం అడిగేవాడూ లేడు.

రేవు దిగగానే పెద్ద పచ్చిక. అక్కడ కూర్చుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు ఆవకాయ వాసనకు తలెత్తి చూస్తే మా ఆవిడ ఒక చెంచా ఇచ్చింది. ఒకడు తిని చాలా సేపు నీళ్ళు తాగాడు.

తింటూ ఉండగానే అల్లుడు చెప్పాడు, యుగోస్లావియా నుంచి క్రొయేషియా విడిపోయేటప్పుడు జరిగిన యుద్ధంలో తొలి ప్రాణాలు పోయింది ఈ చెరువుల దగ్గరేనని. 1991 మార్చి 31, వాళ్ళ ఈస్టర్ ఆదివారం. పార్కు కోసం క్రొయేషియా పోలీసులూ, అక్కడి సెర్బు తిరుగుబాటుదారులూ కాల్చుకున్నారు. 1992 నుంచి 1997 దాకా యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో పెట్టింది. ప్రపంచ వారసత్వ స్థలంగా అప్పటికే, 1979లోనే గుర్తించారు. 1991లో నేను ఏటూరునాగారం వైపు కొత్త ఏఈని. రాత్రి గెస్ట్‌హౌస్‌లో రేడియోలో యుగోస్లావియా అన్న మాట వినేవాణ్ణి, ఎక్కడుందో కూడా తెలియదు. మాకు సారా పోసిన ఇంటామెకు అప్పుడు ముప్పై ఏళ్ళు ఉండి ఉంటాయి. సాయంత్రం అడగాలనుకున్నాను. అడగలేదు.

కింది నాలుగు చెరువులు ఇరుకు లోయలో, తెల్ల బండల మధ్య ఉన్నాయి. రంగు గురించి అందరూ రాస్తారు, నేను రాయను. లోయ చివర వెలికి స్లాప్, అంటే పెద్ద జలపాతం అనే అర్థమట. ఎత్తు 78 మీటర్లు. సావిత్సా కూడా 78 అని చెప్పాను కదా. ఒకటి కొండ పొట్టలోంచి వచ్చేది, ఇంకొకటి ప్లిట్విట్సా అనే వాగు పై నుంచి దూకేది, రెండూ ఒకే అంకె. కొలిచినవాళ్ళు ఒకళ్ళను చూసి ఒకళ్ళు రాశారేమోనని అన్నాను. ఇంజినీర్లను ఇంజినీర్లే అనుమానించాలి.

ఆ వాగూ, చెరువుల నీళ్ళూ అక్కడే కలిసి ఒక నది పుడుతుంది. పేరు కొరానా. అల్లుడు ఆ పేరు చెప్పగానే మా ఆవిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

అక్కడి నుంచి గేటు పైకి మలుపులు తిరుగుతూ ఎక్కాలి. హెచ్ దారిలో అసలు పరీక్ష అదే, చివర్లో పెట్టారు. మూడో మలుపులో మా ఆవిడ బండ మీద కూర్చుంది. "మీరు వెళ్ళి కారు తీసుకురండి." కారు రాదు. "అయితే ఇక్కడే ఉంటా, వచ్చే ఏడు వచ్చినప్పుడు తీసుకెళ్ళండి." అమ్మాయి ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని, ప్రతి మలుపులో ఆగుతూ ఎక్కించాం. పైకొచ్చి వెనక్కి తిరిగి చూస్తే నాలుగు చెరువులూ ఒకదాని కింద ఒకటి కనిపించాయి, సన్నటి చెక్క బాట మీద మనుషులు చీమల్లా. "ఇదంతా మనం నడిచామా?" అంది. ఆ ఒక్క మాటకు 160 యూరోలు దండుగ కాలేదు.

ఆ పార్కు విస్తీర్ణం 296 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో నీళ్ళు రెండే, ఒక శాతం కన్నా తక్కువ. మిగిలినదంతా అడవి, పచ్చిక, ఎలుగుబంట్లు. టికెట్ కొన్నవాళ్ళందరూ ఆ ఒక్క శాతం చూడ్డానికే వస్తారు. కానీ 1949లో పార్కు పెట్టినవాళ్ళు చుట్టూ ఉన్న అడవిని కూడా కలిపి గీత గీశారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మేం చెరువు అంటే కట్ట, తూము, మత్తడి చూసేవాళ్ళం, పూడిక తీశాం, కట్టకు రాళ్ళు పేర్చాం. నీళ్ళు తెచ్చే వాగుల మీద ప్లాట్లు పడుతుంటే అది రెవెన్యూ వాళ్ళ పని అనుకున్నాం. హన్మకొండ చుట్టుపక్కల నేను మరమ్మతు చేయించిన చెరువుల్లో రెండింటికి ఇప్పుడు కట్ట బ్రహ్మాండంగా ఉంది, మీద లైట్లు కూడా పెట్టారు. నీళ్ళు వచ్చే దారి లేదు.

మ్యూనిక్ తిరిగొచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. అల్లుడి ల్యాప్‌టాప్‌లో మ్యాప్ పెట్టించుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఎక్కడికి వెళ్ళినా నీళ్ళు ఎటు పోతాయో చూడకపోతే నాకు పని పూర్తయినట్టు ఉండదు. కొరానా వెళ్ళి కూపా నదిలో కలుస్తుంది, కూపా సిసాక్ అనే ఊరి దగ్గర సావా నదిలో. సావాను వెనక్కి పట్టుకుని పైకి పోతే జాగ్రెబ్ దాటి, స్లొవేనియా దాటి, ఆ కొసన బోహిన్ సరస్సు, దాని పైన బండలో బొక్క. అంటే మేం చూసిన రెండు 78 మీటర్ల జలపాతాల నీళ్ళూ సిసాక్‌లో కలుస్తున్నాయి. కోనిగ్‌జే సంగతేమిటని అటు చూశాం. అది సాల్జాక్‌లోకి, సాల్జాక్ ఇన్‌లోకి, ఇన్ పసావ్ అనే ఊళ్ళో డాన్యూబ్‌లోకి. సావా వచ్చి అదే డాన్యూబ్‌లో కలిసేది బెల్‌గ్రేడ్‌లో. మూడు దేశాలు, మూడు పార్కుల్లో మేం చూసిన నీళ్ళన్నీ ఒకే పరీవాహక ప్రాంతం. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి అన్నీ గోదావరిలోకే వచ్చినట్టు.

మా ఆవిడ లేచి వచ్చింది. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ మ్యాప్ చూసి, ఇద్దరూ ఈ వేళప్పుడు ఏం చేస్తున్నారని అడిగింది. వేలు పెట్టి చూపించాను, మేం మజ్జిగ తాగిన చోటి నీళ్ళు ఇలా వస్తాయి, నువ్వు కూర్చుండిపోయిన మెట్ల నీళ్ళు ఇలా వస్తాయి, నువ్వు కూర్చుండిపోయిన బండ కింద నీళ్ళు ఇలా వస్తాయి, అన్నీ ఇక్కడ కలుస్తాయి అని.

"ఆ ఊళ్ళో మెట్లున్నాయా?" అంది.

సెర్బియా షెంగెన్‌లో లేదు, బెల్‌గ్రేడ్‌కు రూల్స్ ఏమిటో చూడాలి అన్నాడు అల్లుడు. మా వీసాలో ఇంకా పదకొండు రోజులు మిగిలి ఉన్నాయి.